"అడాప్టర్ ఏదో ఒకటి పెట్టుకో తమ్ముడూ": పాత సింథసైజర్ కొన్నాక మొదలయ్యే కరెంటు లెక్కలు

సెకండ్ హ్యాండ్ కీబోర్డు అమ్మేవాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అంతా బాగుంది తమ్ముడూ, అడాప్టర్ ఒక్కటే లేదు. ఇంట్లో ఏదో ఒకటి ఉంటుందిగా, పెట్టుకో, పనిచేస్తుంది."

మా వీధిలో చర్చిలో వాయించే కుర్రాడు ఈ మాట నమ్మే సింథ్ కొన్నాడు. మంచి సింథ్, ధర కూడా బేరమే. ఇంటికి తెచ్చి వైఫై డబ్బా అడాప్టర్ పీకి పెట్టాడు. పిన్ను చక్కగా పట్టింది. లైటు వెలగలేదు. తీసి మళ్లీ పెట్టాడు, వెలగలేదు. మూడోసారి పెట్టేసరికి అడాప్టర్ చేతికి వేడిగా తగిలింది. మర్నాడు నా దగ్గరికి తెచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "పిన్ను పట్టింది కదన్నా, మరెందుకు పనిచేయదు?"

పిన్ను పట్టడానికీ కరెంటు కుదరడానికీ సంబంధం లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. వైఫై రూటరు, సెట్‌టాప్ బాక్సు, గిటార్ పెడల్, కీబోర్డు, సీసీ కెమెరా... వీటిలో చాలావాటికి అదే గుండ్రటి పిన్ను వాడతారు. చెప్పులన్నీ ఒకే సైజులో కుట్టి, ఏ కాలికి ఏదో లోపల రాసినట్టు. ఆ రాసింది చదవడం తెలిస్తే మిగతాది పెద్ద కష్టం కాదు.

మనం 'క్యాసియో' అనేవి రెండు రకాలు

మన ఊళ్లలో తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉన్నది ఏదైనా 'క్యాసియో'నే. బోర్డు మీద యమహా అని ఉన్నా సరే, "మా వాడికి క్యాసియో కొన్నాం" అంటారు. సింథసైజర్ అంటే శబ్దాన్ని లోపలే తయారుచేసి, దాన్ని మనకు కావలసినట్టు మలుచుకోనిచ్చే వాయిద్యం. స్పీకర్లు, రిథమ్‌లు కలిపి అమ్మేది హోమ్ కీబోర్డు. సంగీతపరంగా ఈ తేడా ముఖ్యమేగానీ, కరెంటు దగ్గరికొచ్చేసరికి అసలు తేడా వేరు.

కొన్నింటికి కరెంటు మార్చే భాగం లోపలే ఉంటుంది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7, 1987 నాటి రోలాండ్ డీ-50, 1988 నాటి కోర్గ్ ఎం1 ఈ రకం. గోడ ప్లగ్గు నుంచి తీగ నేరుగా వాయిద్యంలోకే వెళుతుంది, అడాప్టర్ ప్రసక్తి లేదు. రెండో రకం బయట అడాప్టర్ మీద బతికేవి. ఇళ్లలో, భజన బృందాల్లో, చర్చిల్లో కనిపించే చిన్నా మధ్యతరహా కీబోర్డులు ఎక్కువగా ఇవే. ముందు ఈ రెండో రకం సంగతి.

అడాప్టర్ వీపు మీది నాలుగు సంగతులు

అడాప్టర్‌ను తిరగేస్తే నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగులో చిన్న అక్షరాలు ఉంటాయి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటేగాని కనబడవు. ఇన్‌పుట్ అని ఉన్న వరస గోడ వైపు కరెంటు గురించి. మనకు కావలసింది అవుట్‌పుట్ అన్న వరస. ఉదాహరణకు అక్కడ 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య చిన్న గుర్తు ఒకటి: పైన నిండు గీత, కింద తెగిన గీత ఉంటే డీసీ, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు. పాములా వంకరగా ఒకే గీత ఉంటే ఏసీ, అంటే అటూ ఇటూ దిక్కు మార్చుకునే కరెంటు. పక్కనే ఇంకో బొమ్మ: మధ్యలో చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రం, ఒకదానికి ప్లస్సు, ఇంకోదానికి మైనస్సు. చుక్క అంటే పిన్ను లోపలి భాగం, అర్ధచంద్రం అంటే బయటి గొట్టం.

వోల్టులు, ఆంపియర్లు, ఏసీయా డీసీయా, మధ్యలో ప్లస్సా మైనస్సా. ఈ నాలుగే. కీబోర్డు వెనక జాక్ పక్కన కూడా ఇవే గుర్తులు సాధారణంగా అచ్చువేసి ఉంటాయి. రెండుచోట్లా మూడు సరిగ్గా కలవాలి. నాలుగోది, అంటే ఆంపియర్లు, కలవకపోయినా ఒక వైపు తప్పితే నష్టం లేదు. ఏ వైపో కాసేపట్లో చూద్దాం.

వోల్టు ఎక్కువైతే ఎక్కడ కాలుతుంది

పాత కీబోర్డు బోర్డు మీద 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ తరచుగా కనిపిస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మే ఏ కొట్టులో అడిగినా తీసి ఇస్తారు. అడాప్టర్ నుంచి వచ్చే 9 వోల్టులను అది 5 వోల్టులు చేసి లోపలి చిప్పులకు పంపుతుంది. మిగిలిన 4 వోల్టులు ఎటు పోతాయి? వేడిగా మారతాయి.

లెక్క చూడండి. చిప్పులు 0.4 ఆంపియర్ తీసుకుంటున్నాయనుకుందాం. 9 వోల్టుల అడాప్టర్ అయితే వేడి 4 గుణించు 0.4, అంటే 1.6 వాట్లు. అదే జాక్‌లో 12 వోల్టులది పెడితే 7 గుణించు 0.4, అంటే 2.8 వాట్లు. వోల్టేజీ మూడో వంతే పెరిగింది, రెగ్యులేటర్ మీద వేడి మాత్రం 75 శాతం పెరిగింది. అందుకే "12 వోల్టులది పెట్టినా పనిచేసిందన్నా" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పనిచేస్తుంది. ఓ గంటో, ఓ వేసవో. 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే మాత్రం అంత సమయం కూడా ఉండదు. 16 వోల్టులకు చేసిన కెపాసిటర్లు లోపల ఉంటే అవే ముందు ఉబ్బుతాయి.

తక్కువైనా తంటాయే. 7805కి 5 వోల్టులు ఇవ్వాలంటే వచ్చేది కనీసం 7 దాకా ఉండాలి. అంతకంటే పడిపోతే డిస్‌ప్లే మసకబారడం, ఆన్ చేసిన వెంటనే ఆఫ్ అవడం, మెట్టు నొక్కితే పిచ్చి శబ్దాలు రావడం మొదలవుతాయి. బోర్డు కాలదు గానీ, కొన్నవాడు బోర్డే పోయిందనుకుంటాడు.

బ్యాటరీలు లెక్కపెట్టి వోల్టేజీ కనిపెట్టే అలవాటు ఒకటుంది. ఆరు సెల్స్, ఒక్కోటి ఒకటిన్నర వోల్టు, మొత్తం 9, కాబట్టి 9 వోల్టుల అడాప్టర్ అని. వినడానికి తెలివైన లెక్కే. చాలా పాత కీబోర్డుల విషయంలో నిజం కూడా. కానీ యమహా పీఎస్ఆర్-ఈ వరసలో చూడండి, సెల్స్ ఆరే పడతాయి, అడాప్టర్ మాత్రం 12 వోల్టులు. ఆ లెక్కను నమ్ముకుంటే అక్కడ తప్పుతుంది.

ఆంపియర్ల మీద ఉన్నది అనవసర భయం

"నా కీబోర్డుకి 1 ఆంపియర్ అని ఉంది, షాపువాడు 2 ఆంపియర్లది ఇచ్చాడు, కాలిపోతుందా?" అందరికీ వచ్చే సందేహం ఇది. జవాబు: కాలిపోదు.

పెళ్లి బంతి గుర్తు తెచ్చుకోండి. గంగాళంలో వందమందికి సరిపడా అన్నం ఉంది. విస్తరి ముందు కూర్చున్నవాడు తను తినగలిగినంతే పెట్టించుకుంటాడు. గంగాళం పెద్దదైందని ఎవడి పొట్టా పగలదు. ఆంపియర్లు గంగాళం సైజు లాంటివి. అడాప్టర్ మీద రాసిన 2 ఆంపియర్లు అంటే 'ఇంతవరకు ఇవ్వగలను' అని అర్థం, 'ఇంత తోస్తాను' అని కాదు. తోసేది వోల్టేజీ. వోల్టేజీ సరిపోయాక ఎంత తీసుకోవాలన్నది కీబోర్డు ఇష్టం.

గంగాళమే చిన్నదైతే? అప్పుడు బంతి మధ్యలో అన్నం అయిపోతుంది. యమహా పీఏ-150 అడాప్టర్ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు, అంటే 18 వాట్లు ఇవ్వగలదు. దాని బదులు రూటరుకిచ్చే 12 వోల్టులు, అర ఆంపియర్ అడాప్టర్ పెడితే చేతిలో ఉన్నది 6 వాట్లే. కీబోర్డు ఆన్ అవుతుంది. మెల్లగా వాయిస్తే పాట కూడా వస్తుంది. వాల్యూమ్ పెంచి రిథమ్ వేసి రెండు చేతులతో వాయించేసరికి స్పీకర్లకు కరెంటు చాలక గరగరమని, ఒక్కసారిగా మొత్తం ఆగి మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతుంది. ఇలా మధ్యమధ్యలో రీసెట్ అయ్యే కీబోర్డును 'బోర్డ్ కంప్లైంట్' అని తక్కువకు అమ్మేసినవాళ్లున్నారు. కొన్నవాడు సరైన అడాప్టర్ పెట్టుకుని హాయిగా వాయించుకుంటున్నాడు.

ఒకే కంపెనీ, ఒకప్పుడు మైనస్సు, ఇప్పుడు ప్లస్సు

ఎక్కువమంది దెబ్బతినేది మధ్య చుక్క దగ్గరే. ఇది కంటికి కనిపించదు, చేతికి తగలదు.

క్యాసియో పాత ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు. మధ్యలో మైనస్సు. అదే క్యాసియో తర్వాతి కీబోర్డులకు ఇచ్చే ఏడీ-ఈ95100 అడాప్టర్ 9.5 వోల్టులు, 1 ఆంపియర్. మధ్యలో ప్లస్సు. కంపెనీ ఒకటే, వోల్టేజీ ఇంచుమించు ఒకటే, దిక్కు మాత్రం పూర్తిగా తలకిందులు. "మా అన్నయ్య క్యాసియో అడాప్టరే కదా" అని తెచ్చి పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రోలాండ్ పీఎస్‌బీ-1యూ 9 వోల్టులు, 2 ఆంపియర్లు, మధ్య మైనస్సు. గిటార్ పెడల్స్ లోకంలో కూడా ఇదే ఆచారం. అదే 9 వోల్టులకు కోర్గ్ వోల్కా చిన్న సింథ్‌లకు ఇచ్చే కేఏ350లో మధ్య ప్లస్సు. యమహా పీఏ-150లో మధ్య ప్లస్సు. వైఫై, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లలోనూ సాధారణంగా మధ్య ప్లస్సే.

ఇప్పుడు మా కుర్రాడి సంగతి అర్థమవుతుంది. వాడి సింథ్‌కు కావలసింది 9 వోల్టులు, మధ్య మైనస్సు. వాడు పెట్టింది 12 వోల్టులు, మధ్య ప్లస్సు. ఒకేసారి రెండు తప్పులు. అయినా బోర్డు బతికింది. ఎలా?

తలకిందుల కరెంటు వస్తుందేమోనని తయారుచేసేవాళ్లు చాలాసార్లు జాక్ దగ్గరే ఒక డయోడ్ పెడతారు. కరెంటును ఒక్క దిక్కులోనే పోనిచ్చే చిన్న భాగం అది. దాన్ని రెండు రకాలుగా పెడతారు. తీగకు వరసలో పెడితే, తప్పుడు దిక్కు కరెంటును లోపలికి రానివ్వదు. ఏమీ కాదు, లైటు వెలగదు, అంతే. తీగకు అడ్డంగా పెడితే, తప్పుడు కరెంటును తన మీదుగా షార్ట్ చేసి అడాప్టర్‌ను గానీ ఫ్యూజును గానీ బలిచేసి బోర్డును కాపాడుతుంది. అడాప్టర్ వేడెక్కిందంటే ఈ రెండోదేనని అనుమానించాం. విప్పి చూస్తే అదే. డయోడ్ షార్ట్ అయిపోయి ఉంది. కొత్తది కొన్ని రూపాయల వస్తువు. అది వేసి, సరైన అడాప్టర్ తెచ్చి పెడితే డిస్‌ప్లే వెలిగింది. ఏ డయోడూ లేని డిజైన్లు కూడా ఉంటాయి. వాటిలో పోయేది రూపాయల్లో తేలదు.

ఏసీ ఇచ్చే అడాప్టర్లు

కొన్ని వాయిద్యాలకు అడాప్టర్ నుంచి కూడా ఏసీనే కావాలి. అలెసిస్ ఎస్ఆర్-16 డ్రమ్ మెషీన్ అలాంటిది. అడాప్టర్ మీద 9 వోల్టులు అనే ఉంటుంది కానీ పక్కన వంకర గీత. లోపలి సర్క్యూట్ ఆ ఏసీని తనే డీసీగా మార్చుకుంటుంది. దాన్ని తీసి డీసీ కీబోర్డులో పెడితే సెకనుకు వందసార్లు ప్లస్సూ మైనస్సూ మార్చి కొట్టినట్టే.

మీటర్ పెడితే 13 వోల్టులు చూపిస్తోంది, చెడిపోయిందా?

మల్టీమీటర్ ఉన్నవాళ్లకు ఎదురయ్యే వింత ఇది. పాత, బరువైన, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 9 వోల్టుల అడాప్టర్ తీసుకుని దేనికీ కలపకుండా మీటర్ పెడితే 12, 13, ఒక్కోసారి 14 కూడా చూపిస్తుంది. అది చెడిపోలేదు. లోడ్ లేనప్పుడు వోల్టేజీ ఎక్కువగా ఉండి, కీబోర్డు కరెంటు లాగగానే 9కి దిగడం దాని స్వభావం. దీన్ని అన్‌రెగ్యులేటెడ్ అంటారు. చేతికి తేలిగ్గా ఉండే ఇప్పటి స్విచింగ్ అడాప్టర్లు లోడ్ ఉన్నా లేకపోయినా 9 దగ్గరే నిలబడతాయి.

పాత కీబోర్డుకు కొత్త రెగ్యులేటెడ్ అడాప్టర్ పెట్టడంలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. దానికి తిరగబడితేనే ప్రమాదం. స్థిరమైన 9 వోల్టులు వస్తాయన్న నమ్మకంతో చేసిన కొత్త వాయిద్యానికి పాత బరువు అడాప్టర్ పెడితే మొదటి క్షణంలోనే 13 తగలొచ్చు. రెండింటి మీదా రాసి ఉన్నది మాత్రం 9 వోల్టులే.

ఒరిజినలే కావాలా, లోకల్‌ది చాలా?

కంపెనీలు చెప్పేది ఒకటే: మేం చెప్పిన మోడల్ తప్ప ఇంకోటి వాడొద్దు. రిపేరు షాపుల మాట వేరు: నాలుగు సంగతులూ కలిస్తే ఏదైనా ఒకటే, ఒరిజినల్ అంటే పేరుకిచ్చే డబ్బు.

రిపేరు షాపు మాటలో నిజముంది. వోల్టుకు బ్రాండు తెలియదు. కానీ లేబుల్ మీద రాయని సంగతులు కొన్నుంటాయి. చౌక స్విచింగ్ అడాప్టర్ ఇచ్చే డీసీ మీద సన్నటి అలలు మిగిలిపోతాయి. వైఫై డబ్బాకు అవి పట్టవు. సింథ్‌ను పెద్ద యాంప్లిఫయర్‌కు కలిపినప్పుడు అవే 'కీ...' మని వినబడతాయి. 2 ఆంపియర్లు అని రాసి 1 దగ్గరే చతికిలబడేవి కూడా ఉంటాయి. అన్నీ కుదిరిన మంచి లోకల్ అడాప్టర్ ఇంట్లో సాధనకు చాలు, స్టేజీ ఎక్కేవాడికి ఒరిజినల్ దండగ కాదు అనేది నా లెక్క. ఇంకొకరి లెక్క వేరుగా ఉండొచ్చు. లోకల్‌దైనా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదానికీ, ఏ పేరూ లేనిదానికీ ఒకే విలువ కట్టలేం.

3 నుంచి 12 వోల్టుల దాకా తిప్పుకునే యూనివర్సల్ అడాప్టర్ గురించి నాకు రెండో ఆలోచన లేదు. ప్రోగ్రాం మధ్యలో ఎవరి కాలో తగిలి ఆ స్విచ్చు 9 నుంచి 12కి జరిగితే చెప్పేవాళ్లుండరు. పిన్ను తిప్పి పెడితే ప్లస్సు మైనస్సు మారిపోయే సదుపాయం కూడా దానికి ఉంటుంది. టెస్టింగ్‌కు మహా బాగుంటుంది, స్టేజీకి కాదు.

పిన్ను కొలత మాట ఒకటి మిగిలింది. బయట 5.5 మిల్లీమీటర్లు ఒకేలా ఉన్నా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 జాక్‌లో 2.5 పిన్ను దూరుతుంది, కానీ వదులుగా. కొంచెం కదిలిస్తే కీబోర్డు ఆఫ్. దాన్ని జాక్ లూజని టంకం పెట్టించుకున్నవాళ్లను చూశాను.

జపాన్ నుంచి, అమెరికా నుంచి వచ్చినవి

అమెరికాలో ఉన్న బావ వస్తూ వస్తూ తెచ్చినదో, ఆన్‌లైన్‌లో జపాన్ నుంచి తెప్పించినదో అయితే గోడ కరెంటు లెక్క కూడా చూడాలి. మన దగ్గర 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. బయటి అడాప్టర్ ఉన్న కీబోర్డయితే ఇది పెద్ద సమస్య కాదు. అడాప్టర్ ఒక్కటి మార్చుకుంటే సరి. ఇన్‌పుట్ వరసలో 100-240 అని ఉంటే అదీ అక్కర్లేదు, ప్లగ్గు మార్చుకుంటే చాలు.

కరెంటు భాగం లోపలే ఉన్న పాత సింథ్ అలా కాదు. జపాన్ డీఎక్స్7ను నేరుగా మన ప్లగ్గులో పెడితే దానికి రెండింతలకు పైగా వోల్టేజీ కొట్టినట్టు. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మార్కెట్లో తేలిగ్గా దొరికేది 230 నుంచి 110కి దించేది. 'జపాన్‌దైనా అమెరికాదైనా ఇదే సరిపోతుంది' అని అమ్ముతారు.

సరిపోతుందో లేదో లెక్కలో చూద్దాం. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు 110 అనేది స్థిరమైన అంకె కాదు, నిష్పత్తి. గోడలో 245 ఉన్న రోజు అది 117 ఇస్తుంది. 100 వోల్టుల జపాన్ వాయిద్యానికి అది 17 శాతం ఎక్కువ. ఆ ఎక్కువంతా లోపలి రెగ్యులేటర్ల మీద వేడిగా దిగుతుంది. సాయంత్రం లో వోల్టేజీలో గోడలో 200 మాత్రమే ఉంటే అదే ట్రాన్స్‌ఫార్మర్ 96 ఇస్తుంది. 120 వోల్టుల అమెరికా వాయిద్యానికి అది 20 శాతం తక్కువ. కాబట్టి జపాన్‌దానికి 100 వోల్టులకు చుట్టించినది, అమెరికాదానికి 120కి చుట్టించినది వేరువేరు. సింథ్ తినేది తక్కువే కాబట్టి 100 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోయగలదో చెప్పే కొలత) ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా చాలు. జేబులో పట్టే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్లలో కొన్ని హెయిర్ డ్రయర్ల లాంటి వేడి పుట్టించే వస్తువులకు చేసినవి. వాటి నుంచి వచ్చే తెగిన కరెంటు సింథ్‌కు పనికిరాదు.

ప్రతిసారీ డబ్బా మోయడం ఎందుకు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌నే 230కి మార్పించుకుంటే పోలా అనేవాళ్లున్నారు. స్టేజీల మీద తిరిగేవాళ్లకు అది సుఖమే. పాతకాలపు వస్తువును అసలు స్థితిలో ఉంచుకోవాలనుకునేవాళ్లు ఒప్పుకోరు, తిరిగి అమ్మినప్పుడు ధర తగ్గుతుందంటారు. రెండూ న్యాయమైన వాదనలే. మార్పించినప్పుడు వెనకున్న '100 వోల్టులు' లేబుల్‌ను కూడా మార్చకపోతే మాత్రం తర్వాత కొన్నవాడు దానికి మళ్లీ స్టెప్‌డౌన్ తగిలిస్తాడు.

చచ్చిపోయినట్టు కనిపించేవి

అమ్మకానికి వచ్చే పాత సింథ్‌లలో కొన్ని నిజంగా చెడిపోయినవి కావు. కోర్గ్ ఎం1 లాంటి వాటిలో శబ్దాలు గుర్తుంచుకోవడానికి లోపల చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ఆన్ అవుతుంది, శబ్దం మాత్రం రాదు, లేదా చెత్త వస్తుంది. బ్యాటరీ మార్చి కంపెనీ శబ్దాలు తిరిగి ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది. బ్యాటరీలతో నడిచే కీబోర్డు విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. అడాప్టర్ లేకపోయినా కొత్త సెల్స్ వేసి చూస్తే బోర్డు బాగుందో లేదో అక్కడికక్కడే తేలుతుంది. సెల్స్ మీద నడిచి అడాప్టర్ మీద నడవకపోతే అనుమానం జాక్ మీదికి, ఆ డయోడ్ మీదికి మళ్లుతుంది. సెల్స్ గదిలో పచ్చటి చిలుము కనిపిస్తే, ఏళ్ల కిందట ఎవరో సెల్స్ వేసి మర్చిపోయారని అర్థం.

మా కుర్రాడు ఈమధ్య ఇంకో కీబోర్డు చూడ్డానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లాడు. అమ్మే ఆయన అదే పాట పాడాడు, ఏదో ఒక అడాప్టర్ పెట్టుకోమని. వీడు మాట్లాడకుండా కీబోర్డును వెల్లకిలా తిప్పి, ఫోన్ టార్చి వేసి, జాక్ పక్కన చుక్కనూ అర్ధచంద్రాన్నీ ఫొటో తీశాడు. సంచిలోంచి ఆరు సెల్స్ తీసి వేశాడు. డిస్‌ప్లే వెలిగింది. వాల్యూమ్ నిండా పెట్టి పావుగంట వాయించాడు. తర్వాత బేరంలో ఒరిజినల్ అడాప్టర్ ధర తగ్గించి ఇమ్మన్నాడు. ఆయన కాసేపు గొణిగి, ఒప్పుకున్నాడు.